శాలోళ్ల గంట

కోరుట్ల,
జూలై 8.

తమ్ముడు విఠల్‌కు,

అక్క అనురాధ దీవెనలు. నిన్న ఫోన్ చేస్తే నీ బిడ్డ సౌమ్య ఎత్తింది. "అత్తా, బాపుకు చెవుల మిషన్ పెట్టినా ఇనవడ్తలేదు. నువ్వు గట్టిగ మాట్లాడితే పక్కింటోళ్లు అచ్చి ఏమైందని అడుగుతున్నరు" అంది. మరమగ్గాల మధ్య ఇన్నేళ్లు నిలబడితే చెవులు మిగులుతాయా! చెవిటివాని ముందు శంఖం ఊదేకంటే ఉత్తరం రాయడం నయమనిపించింది. చదివి దాచుకో. ఎవరికీ చూపించకు.

మా వాడ వెనుక చర్చి నీకు తెలుసు కదా. దాని వెనుక ఎకరన్నర ఖాళీ జాగ ఉంది. చర్చి కమిటీ వాళ్లు చుట్టూ గోడ పెట్టి ఆడపిల్లల హాస్టల్ కడతామంటున్నారు. జాగ తమదని వాళ్ల దగ్గర పాత కాగితాలున్నాయి. మన పద్మశాలి సంఘం వాళ్లేమో అది శాలోళ్ల జాగ, తాతల నాటి నుండి పసిపిల్లలను పూడ్చుకున్న జాగ అంటున్నారు. గెలిస్తే ఫంక్షన్ హాలు కడతారట. పసిగుడ్లను పెట్టిన నేల మీద పెళ్లి భోజనాలు! అదే అడిగితే సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం, "ముందుగాల జాగ మనదని తేలనీ చెల్లె. హాలో గీలో తర్వాత సూద్దం" అన్నాడు.

వచ్చే నెల జగిత్యాలలో రెవెన్యూ ఆఫీసరు ముందు విచారణ. పిల్లలను పోగొట్టుకున్న ఆడవాళ్లతో వాంగ్మూలాలు రాయిస్తున్నారు. "మా బిడ్డలను అక్కడే పెట్టుకున్నాం. ఎవరినీ అడగలేదు, ఎవరూ అడ్డం రాలేదు" అని ఉంది అందులో. కలం పట్టుకున్నాను గాని సంతకం పెట్టలేకపోయాను. నా బిడ్డ అక్కడ ఉందని నాకెవరు చెప్పారు?

కాన్పు జ్వరంలో నేను ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాను. లేచేసరికి ఆడపిల్ల పుట్టిందని, పోయిందని, రెండూ ఒకేసారి చెప్పారు. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు విఠల్. ఎక్కడ పెట్టారని అడిగితే మా అత్త కొమురవ్వ నా నోరు మూసింది. "తల్లికి జాగ తెలువద్దే. తెలిస్తే పిల్ల పాలకు ఏడుస్తది, మల్ల కడుపు నిలువది" అంది. తర్వాత మనోహర్ పుట్టాడు, వాడి పెళ్లీ అయింది. ఇప్పుడు నాకు నిలవాల్సిన కడుపేముంది? ఆ రోజు తీసుకుపోయింది మీ బావ రాజయ్య, మా మామ, నువ్వు. వాళ్లిద్దరూ చనిపోయారు. మిగిలింది నువ్వొక్కడివే.

ఇంకో మాట, నవ్వకు. ఆ జ్వరంలో నాకు గుర్తున్నది ఒక్కటే, చర్చి గంట. ఒక్క దెబ్బ. ఆదివారం కూడా కాదు. ఈ మధ్య అది మళ్లీ వినిపిస్తోంది. చర్చికి మైకు వచ్చాక ఆ గంటను దింపి ఏనాడో మూలకు పెట్టేశారు. అయినా మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే దెబ్బ పడుతుంది. రెండోది పడుతుందేమోనని చేట పట్టుకుని అలాగే కూర్చుండిపోతాను. పడదు.

నా బిడ్డను ఎక్కడ పెట్టారో చెప్పు.

నీ అక్క,
అనురాధ


సిరిసిల్ల,
జూలై 19.

అక్కకు నమస్కారాలు.

నీ అక్షరాలు ఇంకా అంగన్‌వాడీ గోడ మీద రాసినట్టే గుండ్రంగా ఉన్నాయి. నావి చూసి నవ్వకు.

ఇక్కడ సగం మగ్గాలు ఆగాయి. మా సేటు వారంలో సగం రోజులే నడిపిస్తున్నాడు. మగ్గం ఆగితే చెవులకు సుఖమనుకున్నాను గాని అదీ లేదు. బయటి చప్పుడు పోయింది, లోపల చప్పుడు మిగిలింది. డాక్టరేమో నరం దెబ్బతిన్నదన్నాడు. సౌమ్య మంచి పిల్లే కాని, నాతో మాట్లాడీ మాట్లాడీ దానికి గొంతు పెద్దదైంది. పెళ్లిచూపుల్లో ఏం చేస్తుందో చూడాలి.

నువ్వు అడిగినదానికి జవాబు, ఆ జాగలోనే. అనుమానం పెట్టుకోకుండా సంతకం పెట్టు. ఎక్కడ, ఏ మూల అని మాత్రం అడగకు. మట్టి పోసి వెనక్కి తిరిగి చూడకుండా రావడం మన పద్ధతి. బావ చూడలేదు, మామ చూడలేదు, నేనూ చూడలేదు. అత్త చెప్పిన మాట ఊరికే పుట్టలేదు అక్కా. కొన్ని తెలియకపోతేనే మనిషి తిని పడుకుంటాడు.

బియ్యం ఏరేటప్పుడు పక్కన రేడియో పెట్టుకో.

నీ తమ్ముడు,
విఠల్


కోరుట్ల,
ఆగస్టు 3.

విఠల్‌కు,

రేడియో పెట్టుకోమని సలహా ఇచ్చిన మహానుభావా, ఇక్కడ ఏం జరిగిందో విను.

విచారణ కాకముందే కాంట్రాక్టరు జేసీబీ తెచ్చి గోడకు పునాది తవ్వించాడు. చర్చి పాస్టరు ఊళ్లో లేడు. గోల విని వాడంతా వెళ్లింది, నేనూ వెళ్లాను. అప్పటికే జేసీబీ తొట్టిలో మట్టితోపాటు ఒక మూట లేచింది. పసుపు రంగు పాలిస్టరు గుడ్డ, మీ సిరిసిల్ల గుడ్డే అయి ఉంటుంది, మట్టిలో కూడా చీకలేదు. లోపల పిడికెడు ఎముకలు. పిట్టవేమో అనుకునేంత సన్నవి. గుడ్డ విప్పితే అందులోంచి ఒక కండె కింద పడింది, నూలు చుట్టే ప్లాస్టిక్ కండె. డ్రైవరు దాన్ని తీశాడు. అది గలగలమంది. లోపల ఏదో ఉంది విఠల్. అతను దాన్ని కింద పడేసి దండం పెట్టి, బండి అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

అందరం బిగుసుకుపోయి నిలబడితే లక్ష్మీరాజం మాత్రం ఉరికొచ్చాడు. "దొరికింది సాక్ష్యం! కండె శాలోళ్ల ఇంట్లగాక ఇంకెవలింట్ల ఉంటది?" అంటూ దాన్ని ఫోన్ కెమెరా ముందు ఊపి ఊపి చూపించాడు. ఎముకలను వీడియో తీయబోతుంటే నా కొంగు కప్పాను. "టీచరమ్మా, జర పక్కకు జరుగు" అన్నారు. నేను జరగలేదు. తర్వాత పోలీసులు వచ్చి, పాత ఎముకలని తేల్చుకుని, రాసుకుని వెళ్లారు.

సాయంత్రం పాస్టరు ప్రేమ్‌కుమార్ వచ్చి పని ఆపించాడు. ఈ మధ్యే ఇక్కడికి వచ్చిన చిన్నవాడు. మొహం పాలిపోయింది. ఎముకలను కొత్త కుండలో పెట్టి చర్చి పక్కగదిలో ఉంచాడు. కండె మాత్రం లక్ష్మీరాజం ఇవ్వలేదు.

పాస్టరు నన్ను ఆపి ఒక మాట అడిగాడు. "టీచరమ్మా, మా చర్చిల ఒక ముసలవ్వ ఉన్నది. 'శాలోళ్ల గంట కొట్టకుంట తవ్విన్రు, అందుకే లేసింది' అంటున్నది. శాలోళ్ల గంట అంటే ఏందమ్మా?" నాకు ఆ ఒక్క దెబ్బ గుర్తొచ్చింది. తెలియదన్నాను.

వాడలో పెద్దవాళ్లను అడిగాను. ఒకాయన బీడీ వెలిగించుకున్నాడు, ఒకాయనకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నువ్వు కూడా గంట గురించి ఒక్క ముక్క రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాకు పిచ్చి అని కూడా అనలేదు నువ్వు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, నువ్వు దాచేటప్పుడే ఇంత బుద్ధిమంతుడివి అవుతావు.

చెప్పు తమ్ముడూ.

అనురాధ


సిరిసిల్ల,
ఆగస్టు 10.

అక్కా,

నీ ఉత్తరం చదివాక పనికి పోలేదు. అడిగావు కాబట్టి గంట సంగతి చెబుతున్నాను.

మన వాడలో పసిపిల్ల పోతే మగవాళ్లం తీసుకుని ముందు చర్చి గుమ్మం దాకా పోయేవాళ్లం. లోపలికి వెళ్లేది లేదు. బయట నిలబడి, "మీ సెలవైతే పెట్టుకుంటం" అనాలి. అక్కడ రాహేలమ్మ అని ఒకామె ఉండేది, చర్చి ఊడ్చేది, గంట కొట్టేది. ఆమె ఏమీ అడిగేది కాదు. లోపలికి పోయి తాడు పట్టి ఒక్క దెబ్బ కొట్టేది. పెట్టుకోండి అని దానర్థం. మనం గుంత తీసి, పెట్టి, మట్టి పోసి, వెనక్కి చూడకుండా వచ్చేవాళ్లం. మరి కుక్కలు రాకుండా ముళ్లకంప ఎవరు వేయాలి? చూడకుండా వేయలేం కదా. అది రాహేలమ్మ వేసేది, రాయి కూడా ఆమే పెట్టేది. మనం సగంలో వదిలేసిన పని ఆమె చేసేది. ఇప్పుడు ఆమె లేదు. ఎవరి పిల్ల ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

నీకు జ్వరంలో వినబడింది ఆ దెబ్బే. నీ బిడ్డకు కొట్టిందే.

ఇది వాడలో మగవాళ్లందరికీ తెలుసు. ఆడవాళ్లకు చెప్పరు. లక్ష్మీరాజం సౌమ్య ఫోన్‌కు మెసేజ్ పెట్టాడు, గంట మాట ఎత్తొద్దని మీ అక్కకు చెప్పు అని. ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. అడిగి పెట్టుకున్నామంటే జాగ వాళ్లదని ఒప్పుకున్నట్టే. పైగా, "వాళ్ల గుమ్మం ముందల నిలవడి అడుక్కున్నమని ఆఫీసర్‌కు చెప్తే మన ఇజ్జత్ ఏంగావాలె?" అని కూడా రాశాడు. చెప్తే జాగ పోతుంది, చెప్పకపోతే అబద్ధం మీద సంతకం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నన్నడిగితే జ్వరమొచ్చిందని చెప్పి జగిత్యాల పోకుండా ఇంట్లో పడుకో.

ఒక్కటి మాత్రం నా మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఆ కుండను ముట్టకు. ఆ కండె దగ్గరికి పోకు. దాన్ని ఊపుతుంటే అక్కడ నిలబడకు. ఎవరి పిల్లో ఏమో. మళ్లీ పూడ్చే రోజున నువ్వు వెళ్లొద్దు. ఎందుకని అడగొద్దు.

విఠల్


జగిత్యాల బస్టాండ్,
ఆగస్టు 27.

తమ్ముడూ,

బస్సు ఇంకా రాలేదు. టీ చల్లారిపోయింది. నాతో పాటు ఆటోలో వచ్చినవాళ్లెవరూ తిరిగి నాతో రాలేదు, ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను.

ఆఫీసరు నెమ్మదస్తుడే. కాగితాలన్నీ చూసి, మాటలన్నీ విని, చివరికి నన్ను పిలిచాడు. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో ఆ కండె ఉంది. లక్ష్మీరాజం దాన్ని తీసి మళ్లీ ఊపాడు. "సూడున్రి సార్, శాలోళ్ల పిల్ల గాకపోతే కండె ఎందుకుంటది?" గలగలమంది. నా రొమ్ములు సలిపాయి విఠల్, ఈ వయసులో! సిగ్గుతో కొంగు కప్పుకున్నాను. "దాన్ని కిందపెట్టు" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

ఆఫీసరు అడిగాడు. "అమ్మా, పిల్లలను పెట్టుకునేముందు ఎవరినన్నా అడిగెటోళ్లా?"

నేను చెప్పాను. "అడిగెటోళ్లు సార్. మావోళ్లు చర్చి ముందల నిలవడి అడిగిన్రు. వాళ్లు ఒక్క గంట కొట్టి ఇచ్చిన్రు. నా బిడ్డకు గూడ కొట్టిన్రు. నేను ఇన్న."

సంఘం పెద్దలందరూ నేల చూశారు. నేను అబద్ధం చెప్పానని ఒక్కరూ అనలేదు చూశావా! బయటికొచ్చాక మాత్రం లక్ష్మీరాజం, "టీచరమ్మ చర్చిల కలిసింది" అని అందరికీ వినబడేలా అన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అత్త నన్ను ఊరికే అనేది కాదు.

నువ్వు కోప్పడతావని తెలుసు. కాని ఆలోచించు. నా బిడ్డకు పేరు పెట్టలేదు, ఉయ్యాల కట్టలేదు, డప్పు కొట్టలేదు. ఈ లోకంలో దాని కోసం మోగింది ఆ ఒక్క దెబ్బే. అది కూడా మోగలేదని సంతకం పెట్టమంటే ఎట్లా పెట్టను?

బస్సు వచ్చింది.

అనురాధ


సిరిసిల్ల,
సెప్టెంబర్ 4.

అక్కకు,

నీ పుణ్యమా అని ఇక్కడ సంఘంలో నన్ను నిలబెట్టి అడిగారు. వాళ్ల పెదవులు కదలడమే గాని నాకేమీ వినబడలేదు. జీవితంలో మొదటిసారి చెవుడు పనికొచ్చింది.

నిజం చెప్పి ఏం సాధించావు? జాగ వాళ్లదని తేలింది. ఇక రేపు హాస్టల్ కడతారు. ఒక్క మూట లేస్తేనే చూడలేకపోయావు, ఇప్పుడు నేలంతా లేస్తుంది. ఒక్కొక్క మూటా లేచినప్పుడు వెళ్లి కొంగు కప్పుతావా? నువ్వు నీ బిడ్డ గంటను కాపాడి, దాని మట్టిని పోగొట్టావు.

నాకు నిద్ర లేదు. ఇక ఉత్తరాలు రాయకు.

విఠల్


కోరుట్ల,
సెప్టెంబర్ 22.

విఠల్‌కు,

రాయొద్దన్నావు. నేనెప్పుడు నీ మాట విన్నాను గనుక!

చర్చి కమిటీ కూర్చున్నప్పుడు పాస్టరు ప్రేమ్‌కుమార్ నన్ను కూడా పిలిచాడు. కమిటీ పెద్దలు సంబరంగా ఉన్నారు. గెలిచాం కదా, పని మొదలుపెడదాం అన్నారు. అప్పుడు ఆ చిన్నవాడు లేచి నిలబడ్డాడు. "గా గంటతోనే మనం గెలిచినం. మరి గా గంట కొట్టి మనం పెట్టుకోమని చెప్పినం గదా! ఇచ్చిన మాట వాపస్ తీసుకుంటమా? గంట మనదైతే గా పిల్లల బాధ్యత గూడ మన మీదనే ఉన్నది." చాలాసేపు వాదించుకున్నారు. ఒకాయన కోపంగా లేచి వెళ్లిపోయాడు. చివరికి హాస్టల్ ముందు వైపు చిన్నగా కట్టుకోవాలని, వెనుక జాగలో గునపం దించకూడదని రాసుకున్నారు. నువ్వన్నట్టు నేల లేవలేదు తమ్ముడూ.

మొన్న గురువారం మధ్యాహ్నం ఆ కుండను మళ్లీ పూడ్చారు. మూలన పడేసిన గంటను తోమి ఇనుప దూలానికి కట్టారు. గుంత సిద్ధమైంది, కాని కుండ ఎవరు పట్టాలి? మా పిల్ల కాదని చర్చి వాళ్లు వెనక్కి తగ్గారు. మన మగవాళ్లెవరూ రాలేదు. నీ ఒట్టు గుర్తొచ్చింది. కాసేపు నిలబడి చూశాను. తర్వాత నేనే పట్టుకున్నాను. నీకేమీ కాదులే, చెవిటివాళ్లకు ఒట్లు కూడా తగలవు.

పాస్టరు తాడు లాగాడు. ఒక్క దెబ్బ.

ఈసారి అది నాకొక్కదానికే కాదు, అందరికీ వినబడింది. వాడ వైపు చూశాను. ఎదురింటి నర్సక్క గడప దాటి వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది. కాళ్లు నొప్పులని గుడికి కూడా పోని మనిషి నడుచుకుంటూ వచ్చింది. ఆమె వెనుక ఇంకొకామె, ఇంకొకామె. లక్ష్మీరాజం తల్లి వెంకటవ్వను మనవరాలు పట్టుకొచ్చింది. వాళ్లందరికీ ఆ దెబ్బ తెలుసు విఠల్! ఇంట్లో పడుకుని నాలాగే విన్నవాళ్లే. ఒకరికొకరం ఎన్నడూ చెప్పుకోలేదు. వెంకటవ్వ నేలను చేత్తో తడిమి, "నాయి గూడ ఉన్నయే గీడ" అని ఏడ్చింది. లక్ష్మీరాజం దూరంగా బండి మీద కూర్చుని చూశాడు. దగ్గరికి రాలేదు, తల్లిని ఆపలేదు.

ఆఫీసరు కండెను పాస్టరుకు పంపించాడు. దాన్ని నేనే కుండలో పెట్టాను. పెట్టాక ఏమనిపించిందో, ఎవరి బిడ్డో, తల్లి ఎత్తుకుందో లేదో అని, కుండను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. జోల పాడడానికి సిగ్గేసింది. మెల్లగా ఊపాను. గలగలమంది. ఈసారి భయం వేయలేదు. పసిపిల్ల కాళ్లు కొట్టుకుంటూ ఆడుతున్నట్టుంది. నర్సక్క నా వీపు మీద చెయ్యి వేసి, "ఇగ పండవెట్టు" అనేదాకా ఊపుతూనే ఉన్నాను.

వచ్చేటప్పుడు ఆడవాళ్లందరం వెనక్కి తిరిగి చూసుకుంటూనే వచ్చాం. ఎవరికీ ఏమీ కాలేదు.

నా బిడ్డ ఏ మూల ఉందో తెలియనే లేదు. పోనీలే, ఇక అడగను. గంట మాత్రం ఆ రోజు నుంచి నాకు మళ్లీ వినబడలేదు.

అక్క


సిరిసిల్ల,
సెప్టెంబర్ 27.

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడిస్తే సౌమ్య భయపడింది. దానికి కూడా చూపించాను. దాచాల్సిందేమీ ఇక లేదు.

అప్పుడు నేను ఇక్కడ మగ్గం పనికి కొత్తగా చేరాను. నీకు ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. మేనమామ ఉత్త చేతులతో ఎట్లా పోవాలని గిలక్కాయ చేశాను. ప్లాస్టిక్ కండె ఒకటి తీసుకుని, మానేరు వాగులో సన్నటి రాళ్లు ఏరి లోపల వేసి, రెండు మూతులూ లక్కతో మూశాను. బస్సంతా ఊపుకుంటూ వచ్చాను, పక్కవాళ్లు నవ్వారు. ఇంటికొచ్చేసరికి బావ చేతుల మీద పసుపు గుడ్డ ఉంది. గిలక్కాయను ఎవరికీ చూపించలేదు. గుంత దగ్గర గుడ్డ మడతలో పెట్టాను.

ఆగస్టులో నీ ఉత్తరంలో 'గలగలమంది' అని చదవగానే తెలిసిపోయింది. తల్లికి జాగ తెలియకూడదన్న మాట నన్ను పట్టుకుంది. అందుకే గంట సంగతి చెప్పి, ఇది దాచాను. ముట్టకు, వెళ్లకు అని ఒట్లు పెట్టాను. నువ్వు వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

నువ్వు ఒడిలో పెట్టుకుని ఊపింది నీ బిడ్డనే అక్కా.

ఆదివారం వేములవాడ మీదుగా వచ్చే మొదటి బస్సుకు వస్తున్నాను. ఈసారి నాకు తెలియదు, నీకే తెలుసు. పిల్లను ఎక్కడ పెట్టావో నాకు చూపించు.

నీ తమ్ముడు,
విఠల్